మిట్ట మీది గొంతు

రాజుగారి మృగాల తోటలో ఒక తోడేలు ఉండేది. దాన్ని పట్టి ఇచ్చినవాడు ఒక గొర్రెల కాపరి.

ఒక్క వేసవిలోనే అది అతని మందలోంచి తొమ్మిది గొర్రెల్ని ఎత్తుకుపోయింది. కాపరి దాని దారి కనిపెట్టి, గొయ్యి తవ్వి, పైన కొమ్మలు పరిచి, చివరికి పట్టాడు. కొట్టి చంపేవాడే. ఆ దారిన పోతున్న రాజు మనుషులు ఆపి, ప్రాణంతో కావాలన్నారు. తోడేళ్ళ సంగతి తెలిసినవాడు కనుక, దాన్ని చూసుకునే పని కూడా రాజు అతనికే అప్పగించాడు. మందను భార్యకు వదిలి, కాపరి రోజూ పొద్దున్నే తోటకు వెళ్ళేవాడు.

రాజు చెడ్డవాడు కాదు. తోడేలుకు పెద్ద కమ్మీల బోను కట్టించి, అందులో నీడకొక చెట్టు, పడుకోవడానికి రాతి గుహ, తాగడానికి పారే నీళ్ళు పెట్టించాడు. మాంసానికి లోటు లేదు. అయినా మూడు నెలలు గడిచినా అది ఒక్కసారైనా ఊళ వేయలేదు.

“దీని ఊళ వినాలని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఎందుకిలా మూగదైపోయింది?” అని అడిగాడు రాజు.

“తిరిగి పలికేవాళ్ళు ఉన్నారనుకుంటే వేస్తుంది దొరా,” అన్నాడు కాపరి.

“అయితే నువ్వు పలుకు.”

కాపరులకు ఆ విద్య వచ్చు. తోడేళ్ళు ఏ దిక్కున ఉన్నాయో తెలుసుకోవడానికి వాటిలాగే ఊళ వేసి, జవాబు ఎటునుంచి వస్తుందోనని చెవి పెడతారు. ఆ సాయంత్రం అతను తోట గోడ అవతలి మిట్ట ఎక్కి, గొంగళి పరుచుకుని కూర్చుని, రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టి ఊళ వేశాడు.

కాసేపటికి బోనులోంచి జవాబు వచ్చింది. సన్నగా మొదలై, పైకి లేచి, వణికి, ఆగింది. చూడవచ్చిన జనంలో ఒక ముసలామె కళ్ళు తుడుచుకుంది.

ఆనాటి నుంచి రోజూ సంజెవేళ అదే పని. రాజు అతనికి శాలువా కప్పాడు.

పది రోజుల తరువాత ఒక ఉదయం, కాపరి బోను ఊడవబోయి ఆగిపోయాడు. తోడేలు మాంసం సగమే తిన్నది. మిగతా సగాన్ని మిట్ట వైపుకి ఈడ్చుకెళ్ళి, కమ్మీల కింది సందులోంచి మూతితో బయటికి తోసి ఉంచింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు అతనికి అర్థమైంది. అది వాటా. మిట్ట మీద ఉన్నవాళ్ళకు.

ఇంటికి వెళ్ళి భార్యతో చెప్పాడు. ఆమె గొర్రెపిల్ల కాలికి పసుపు పెడుతూ విన్నది.

“ఇన్నాళ్ళూ దానితో ఏం మాట్లాడావు?”

“ఏమో. గొంతు కలిపానంతే.”

“వస్తానని చెప్పినట్టున్నావు,” అన్నది ఆమె.

ఇక పలకకూడదనుకున్నాడు. మూడు సాయంత్రాలు మిట్ట ఎక్కలేదు. ఆ మూడు సాయంత్రాలూ తోడేలే ముందు పిలిచింది. పిలిచి, చెవులు నిక్కించి విన్నది. మళ్ళీ పిలిచింది. మూడోనాటికి గొంతు బొంగురుపోయినా కమ్మీల దగ్గర్నుంచి కదల్లేదు. కాపరి బోను వెనక చెవులు మూసుకుని కూర్చున్నాడు. పలికితే అబద్ధం. పలక్కపోతే ఇది.

నాలుగో రోజు రాజు దగ్గరికి వెళ్ళాడు.

“దాన్ని వదిలేద్దాం దొరా.”

రాజు కోప్పడలేదు. “నీ గొర్రెల్ని తిన్నది అదే కదా?”

“అదే.”

“మళ్ళీ తింటుంది.”

“తింటుంది. కర్ర పట్టుకుని తరుముతాను. అది దానికీ నాకూ ఉన్న తగువు. ఇది తగువు కాదు దొరా, మోసం.”

రాజు కొండల వైపు చెయ్యి చూపించాడు. “దీని ఊళ విన్నాక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు జాలిపడి గోతులు తవ్వడం మానేశారు, నీకు తెలుసా? ఇదొక్కటి ఇక్కడ ఉండబట్టి కొండల్లో పది బతుకుతున్నాయి. ఆ పదింటికీ ఏం చెబుతావు?”

రాజు చెప్పింది నిజమే. కాపరి ఇంటిదాకా జవాబు వెతుక్కుంటూ నడిచాడు. దొరకలేదు. తెల్లవారి బోను దగ్గరికి వెళితే కమ్మీల బయట మాంసం ఉంది. ఈసారి సగం కాదు, మొత్తం.

జవాబు లేకుండానే తోట వాకిలి తెరిచి, బోను గడియ తీశాడు.

తోడేలు పరుగెత్తలేదు. గడప దగ్గర నిలిచి గాలి పీల్చి, నేరుగా మిట్ట మీదికి వెళ్ళింది. కాపరి వెనకాలే వెళ్ళి దూరంగా ఆగాడు. అతను రోజూ కూర్చునే చోట అది నేలంతా వాసన చూసింది. చుట్టూ తిరిగింది. మళ్ళీ వాసన చూసింది. అక్కడ మనిషి వాసన తప్ప మరేమీ లేదు. అప్పుడు తలెత్తి అతన్ని చూసింది.

కాపరి కర్ర తెచ్చుకోలేదు. మీద పడినా కదలకూడదనుకున్నాడు. అది మీద పడలేదు. చాలాసేపు అలాగే చూసి, రాళ్ళ మధ్య నుంచి కొండల వైపు వెళ్ళిపోయింది.

రాజు అతన్ని చెరలో వేయలేదు. శాలువా వెనక్కి తీసుకుని, “పోగొట్టినవాడివి నువ్వే, ఇంకోదాన్ని పట్టి తే,” అన్నాడు. వెంట ఇద్దరు భటుల్ని పంపాడు. నగరంలో పుట్టి పెరిగినవాళ్ళు.

కొండల అంచున, పొద్దు వాలే వేళ, కాపరి చేతులు నోటి చుట్టూ పట్టి ఊళ వేశాడు.

తూర్పు లోయలోంచి జవాబు వచ్చింది. ఆ గొంతు అతనికి తెలుసు. ఇంకా కాస్త బొంగురుగానే ఉంది. అది ఆగకముందే, దాని పక్కనే, అతను ఎన్నడూ వినని మరో గొంతు లేచింది.

“ఏమిటది?” అన్నాడు ఒక భటుడు.

“నా గొంతే. కొండకు తగిలి తిరిగొచ్చింది.”

“రెండు వినిపించాయే.”

“కొండలు రెండున్నాయి కదయ్యా.”

వారం రోజులు రాళ్ళూ ముళ్ళూ తిరిగి, భటులు విసిగి వెళ్ళిపోయారు. కాపరి ఇంటికి చేరి, కుదురుగా కూర్చోకుండానే చూరులోంచి కొడవలి తీశాడు.

“ఎక్కడికి?” అన్నది భార్య.

“తుమ్మకంప కొట్టుకొస్తాను. దొడ్డి ఇంకో మూర ఎత్తు లేపాలి.”

“ఒక్కదానికి ఇప్పుడున్న కంప చాలదా?”

“ఒకటి కాదు,” అన్నాడు కాపరి.

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఒళ్ళో ఉన్న గొర్రెపిల్లను కిందికి దించి, తనూ కొడవలి అందుకుంది.