కంటకానందస్వామి దులిపిన దుమ్ము

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ముళ్ళపంది సన్యాసం పుచ్చుకుని, రాతిగుహలో మఠం పెట్టుకున్నాడు. పేరు కంటకానందస్వామి. ఆ పేరు తనే పెట్టుకున్నాడు.

స్వామికి చదరంగమన్నా నీతులన్నా ప్రాణం. రెండూ కలిపి కావ్యం రాసేవాడు. వీపు మీది ముల్లు ఒకటి పీకి, నేరేడు రసంలో ముంచి, చెట్టు బెరడు మీద పద్యం రాయడమే పని. రాజు ఎలా ఉండాలో, మంత్రి ఎలా ఉండాలో, బంటు ఎలా ఉండాలో అన్నీ చెప్పేశాడు. వాటిలో బాగా పేరొచ్చిన పద్యం ఒకటుంది. ముట్టుకున్న పావునే కదపాలి, తర్వాత సాకులు చెప్పకూడదు అని. అది విన్నాక జంతువులు కొట్లాటలు మాని, తగువొస్తే చదరంగం ఆడి తేల్చుకునేవి. ఆ పద్యం మీద స్వామికి కాస్త గర్వం. కాస్తంటే, రోజూ తనకు తనే వినిపించుకునేంత.

వానలు మొదలయ్యాయి. గున్నమ్మ అనే ముంగిస ఇద్దరు పిల్లలతో మఠానికి వచ్చింది. బొరియలోకి నీళ్ళొస్తున్నాయి, గుహలో సగం ఇమ్మంది. పిల్లల అల్లరిలో పద్యం కుదరదన్నాడు స్వామి. అయితే ఆడి తేల్చుకుందామంది గున్నమ్మ. తను గెలిస్తే సగం గుహ ఇవ్వాలి, ఓడితే మళ్ళీ అడగదు.

ఆట మధ్యలో స్వామి ఏనుగు మీద చెయ్యి వేశాడు. వేశాక చూసుకున్నాడు. ఏనుగు కదిలితే రాజు పని అయిపోయినట్టే. మెల్లగా చెయ్యి తీసి గుర్రాన్ని పట్టుకున్నాడు.

“స్వామీ, ఏనుగుని ముట్టుకున్నారు,” అంది గున్నమ్మ.

“ముట్టుకోలేదమ్మా. దుమ్ము దులిపాను.”

చూడవచ్చిన జంతువులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఆట స్వామి గెలిచాడు. గున్నమ్మ పిల్లల్ని తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం స్వామి కరుణ మీద పద్యం రాశాడు. బాగా కుదిరింది కూడా.

మర్నాడు ఎలుగుబంటి, కోతి దాచుకున్న పనసపండు ఎత్తుకుపోయింది. అడిగితే దుమ్ము దులుపుతున్నానంది. ఆ తర్వాత అడవిపంది, కుందేలు దుంపల మీద పడి అదే మాట అంది. ఇంకో రోజు స్వామి ఏట్లో మునిగి వచ్చేసరికి, గుహలో నక్క కాళ్ళు బారజాపి పడుకుని ఉంది. తల కింద దిండులా కావ్యం.

“ఇదేమిటి నాయనా?” అన్నాడు స్వామి.

“దుమ్ము దులుపుతున్నాను స్వామీ. మీ మఠంలో చాలా ఉంది. వానాకాలమంతా పట్టేట్టుంది.”

స్వామి తగువు తీర్చమని అందరినీ అడిగాడు. ఎవరి దారిన వాళ్ళు పోయారు. తడుస్తూ ఒక బండ చాటుకు చేరాడు. అక్కడ గున్నమ్మ పిల్లల్ని ఒళ్ళో దాచుకుని కూర్చుంది. కాస్త జరిగి చోటిచ్చింది.

“రండి స్వామీ. ముళ్ళు మాత్రం అటు తిప్పుకోండి.”

తన ముళ్ళన్నీ తనకే గుచ్చుకున్నట్టయింది స్వామికి.

వాన తెరిపివ్వగానే జంతువులన్నిటినీ పిలిచాడు. “నేను ఏనుగుని ముట్టుకున్నాను. దాని మీద దుమ్మూ లేదు, ధూళీ లేదు. ఆట గున్నమ్మది. గుహలో సగం ఆమెది.”

ఎలుగుబంటి నేలచూపులు చూసి, మిగిలిన పనసతొనలు తెచ్చి కోతి ముందు పెట్టింది. తర్వాత అడవిపందిని వెంటబెట్టుకుని నక్క దగ్గరికి వెళ్ళి, దులపడం ఎంతవరకు వచ్చిందని అడిగింది. నక్క ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఇప్పుడే అయిపోయిందని చెప్పి దారి పట్టింది.

గున్నమ్మ పిల్లలు ఇప్పుడు స్వామి ముళ్ళతో కత్తియుద్ధాలు చేస్తున్నారు. ఆ గోలలోనే కావ్యం పూర్తయింది. దాని చివరి పద్యం ఇది: రాజుకి చెప్పాను, మంత్రికి చెప్పాను, బంటుకీ చెప్పాను. ఆడేవాడికి చెప్పడం మరిచాను. వాడొక ముళ్ళపంది.

నీతి: నలుగురికీ చెప్పే నీతిని, మనం ఓడిపోయే ఆటలో ముందుగా మనమే పాటించాలి.