మనిషికో తెర

తెనాలిలో నిజంగా బుర్ర ఉన్నవాళ్ళు ముగ్గురేననీ, ఆ ముగ్గురూ తమ ఇంట్లోనే పుట్టారనీ బ్రహ్మేశానికి గట్టి నమ్మకం. ఒకడు తను, మిగతా ఇద్దరూ తమ్ముళ్ళు పానకాలు, కోటిలింగం. ముగ్గురూ కలిసి ఓ నాటక సమాజం నడుపుతున్నారు. ముగ్గురికీ వండిపెట్టేది బ్రహ్మేశం భార్య మాణిక్యం. ఆమెని బుర్రల్లో కలపలేదు.

పదిహేనేళ్ళుగా ప్రతి నాటకంలోనూ మాణిక్యం కాఫీ కప్పుతో వచ్చి, "తీసుకోండి" అనేసి వెళ్ళిపోయేది. ఈసారి పరిషత్తు పోటీకి మొదటిసారిగా ఆఖరి సీను ఆమెకి దక్కింది. రెండు పేజీల మాటలు. స్టేజీ మీద తనొక్కతే. అంట్లు తోముతూ, చారుకి పోపు పెడుతూ నెల రోజులుగా వల్లె వేస్తోంది.

ఇంతలో ఊళ్ళోకి ఓ పెద్దాయన వచ్చి, కళాకారులు దుబారా మానాలి, ప్రకృతిని కాపాడాలి అని ఉపన్యాసం ఇచ్చాడు. కాగితం దండగని పానకాలు ఆ సలహాలన్నీ అరచేతిలో రాసుకొచ్చాడు. చెయ్యి కడిగితే సలహాలు పోవూ? అంతే, రెండు రోజులు అతనికి ముద్దలు కలిపి పెట్టింది మాణిక్యమే.

"వదినా, కాగితం రెండువైపులా వాడాలిట."

"ముందు నోట్లోది మింగు."

ఇంకేముంది, కొత్త నాటకాన్ని పాత పౌరాణికం కాగితాల వెనక రాశారు. కోటిలింగం రెండువైపులా వరసగా బట్టీపట్టాడు. రిహార్సల్లో ప్లీడరు వేషం వేసి, జడ్జిగారికి దణ్ణం పెట్టి, "నా గద ఎక్కడ?" అని గర్జించాడు.

ఆ తర్వాత కరెంటు ఆదా. గొంతు దేవుడిచ్చిందే, దానికి కరెంటెందుకని మైకులు మానేశారు.

ఆ పైన సంచులు. ప్రతి చేతిలోనూ గుడ్డసంచి ఉండాలన్నాడుట పెద్దాయన. కొత్త గుడ్డ కొనకూడదు, ఉన్నదే వాడాలి అని కూడా అన్నాడుట. బ్రహ్మేశం ఎర్ర మఖమలు ముక్కలు మూటగట్టి తెచ్చి మిషను పక్కన పడేశాడు.

"ఇంత మంచి గుడ్డ ఎక్కడిదండీ?"

"ఉన్నదేలేవే. కుట్టు. చూడ్డానికి వచ్చేవాళ్ళందరికీ పంచాలి."

మాణిక్యం తన రెండు పేజీలూ పక్కన పెట్టి మూడు వందల సంచులు కుట్టింది. అది తమ నాటకం తెర అని ఆమెకి తెలియలేదు. ఎలా తెలుస్తుంది? పదిహేనేళ్ళుగా దాన్ని వెనకవైపు నుంచే చూసింది. వెనకవైపు ఉండేది బూడిదరంగు అస్తరు, దాన్ని బ్రహ్మేశం ముందే ఊడదీసేశాడు.

పోటీ రోజు వచ్చింది. కోర్టు సీను అయిపోయింది. బల్లలు తియ్యాలి, తెర దించాలి. తెర లేదు. జనం ఒళ్ళో ఉంది.

బ్రహ్మేశం తొణకలేదు. స్టేజీ మీదకొచ్చి చేతులు జోడించాడు. "అయ్యలారా, అమ్మలారా! తెర దించుతున్నాం. ఎవరి సంచి వాళ్ళు తలకి తొడుక్కోవలసిందిగా ప్రార్థన."

అదీ కొత్తరకం నాటకంలో భాగమే కాబోలనుకుని అందరూ తొడుక్కున్నారు, పోటీ జడ్జీలతో సహా.

మాణిక్యం వచ్చి నిలబడింది. ఎదురుగా మూడు వందల ఎర్ర సంచులు.

"ఏవండీ! తెర ఎత్తమనండి!" అని పక్కకి తిరిగి గుసగుసగా అంది.

"సీను మధ్యలో డైరెక్టరు మాట్లాడకూడదే. నీకా మాత్రం తెలీదూ?"

మాణిక్యం ఒక్క క్షణం ఆలోచించింది. కొంగు బిగించింది. మెట్లు దిగి ముందు వరసలో ఉన్న ముగ్గురు జడ్జీల తలల మీంచీ సంచులు లాగేసి, ఎదురుగా నిలబడి రెండు పేజీలూ చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. పెద్ద జడ్జీ కళ్ళు తుడుచుకుని కలం తీశాడు. "ఉత్తమ నటివి నువ్వేనమ్మా. పేరు?"

ఆమె నోరు తెరిచేలోగా కోటిలింగం పరుగెత్తుకొచ్చాడు. "వదినా, స్టేజీ దిగితే నువ్వూ ప్రేక్షకురాలివే! తెర ఇంకా ఎత్తలేదు!" అంటూ ఓ సంచి ఆమె తలకి తొడిగేశాడు.

బ్రహ్మేశం స్టేజీ మీంచి చూశాడు. భార్య లేదు. అన్నీ సంచులే. గబగబా దిగి, చిట్టచివరి వరసకి పోయి, మొదటి సంచి ఎత్తాడు.

"మాణిక్యం, నువ్వేనా?"

"కాదండీ" అన్నాడు లోపలి మీసాలాయన.

బ్రహ్మేశం ఆ సంచి మళ్ళీ జాగ్రత్తగా తొడిగి పక్క కుర్చీకి వెళ్ళాడు.

మాణిక్యం తన సంచి పీకి పారేసింది. "నా పేరు మాణిక్యం. రాసుకోండి" అని జడ్జీ రాసేదాకా చూసింది. అప్పుడు వెనక్కి తిరిగి కేక పెట్టింది. "ఏవండీ! ఇక్కడున్నాను!"

"ఉండవే, తొందరపడకు" అన్నాడు బ్రహ్మేశం రెండో సంచి ఎత్తుతూ. "వరసలో వస్తున్నా."