చేతులు వదలని చుక్కలు

ఒకప్పుడు, ఆకాశంలో ఒక గుంపులో పుట్టిన చుక్కలన్నీ కలిసే ముసలివైపోయేవి. అన్నీ ఎర్రబడి, ఒళ్ళు వాచి, మూలుగుతూ కూర్చునేవి. ఒక్కటంటే ఒక్కటి కూడా పడుచుగా మిగిలేది కాదు.

అలాంటి గుంపులో భగ్గమ్మ, మిణుకమ్మ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళుండేవారు. పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళకి ఒకటే ఆట, ఒప్పులకుప్ప. చేతులు పట్టుకుని గిరగిరా తిరగడమే. చేతులు వదిలినవాళ్ళు ఓడినట్టు.

"మెల్లగా తిరగవే, కళ్ళు తిరుగుతున్నాయి!" అని అక్క భగ్గమ్మ రోజూ గోల పెట్టేది.

భగ్గమ్మది పెద్ద ఒళ్ళు, పెద్ద పొయ్యి. ఉన్న ఇంధనమంతా ఎడాపెడా తగలేసేది. "అక్కా, కాస్త దాచుకో" అని చెల్లెలు చెబితే, "పోవే పిసినారీ! చుక్కై పుట్టి మండకపోతే ఎలా?" అనేది.

ఇంకేముంది, ఒకనాడు భగ్గమ్మ మొహం ఎర్రబడింది. పొట్ట ఉబ్బింది. పొయ్యి ఆరిపోవచ్చింది.

"చెల్లీ, నా పనైపోయింది. చేతులు వదిలెయ్. నేను పేలితే నువ్వూ మాడిపోతావు."

అక్క లేకపోతే తనెవరితో తిరగాలి? మిణుకమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. పైకి మాత్రం, "ఓడిపోతానని వంకలా? నేను వదలనంటే వదలను!" అంది.

"మొండిదానా!"

"నీ చెల్లెల్నేగా!"

పక్కనున్న కుంపటమ్మ అనే ఎర్ర ముసలి చుక్క, "ఇద్దరూ చస్తారే! వదలండే!" అని కేకలేసింది. ఎవరు వింటారు?

మిణుకమ్మ అక్కని దగ్గరికి లాక్కుంది. దగ్గరయ్యేకొద్దీ ఆట జోరెక్కింది. అక్క పొట్ట తగిలింది.

"పొట్ట లోపలికి పీల్చుకో!"

"అది నా చేతుల్లో ఉందా!"

అనేలోపే ధబీమని ఇద్దరూ ఒకరిలో ఒకరు కలిసిపోయారు. ధూళీ ఆవిరీ ఎగిరి చుట్టూ దుప్పటిలా పరుచుకున్నాయి. కుంపటమ్మ తుమ్మలేక చచ్చింది.

ధూళి విడేసరికి అక్కడ ఒకే ఒక్క చుక్క! చెల్లెలి దగ్గర మిగిలిన ఇంధనం అక్క పొయ్యిలో పడిందిగా, నీలంగా, నిగనిగలాడుతూ మండుతోంది.

"ఓసినీ! నా ఈడుదానివే కదే!" అని కుంపటమ్మ నోరెళ్ళబెట్టింది.

"అక్కా, ఉన్నావా?" అని మిణుకమ్మ భయంగా పిలిచింది.

"నీ నోటితోనే మాట్లాడుతున్నానుగా. నేను కనబడట్లేదా?"

"లేదు." అక్క మొహం ఇక ఎప్పటికీ చూడలేనని తెలిసి మిణుకమ్మ బావురుమంది.

"పిచ్చిదానా, నా చెయ్యి చూడు."

తడిమి చూసింది. పట్టు అలాగే ఉంది. కళ్ళు తుడుచుకుని, అక్క కోసం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

అప్పటినుంచే, ముసలి ఎర్ర చుక్కల మధ్య అక్కడక్కడ ఒక నీలి చుక్క పడుచుదానిలా మెరుస్తుంటుంది. దాని లోపల అయస్కాంతంలాంటి గట్టి పట్టొకటి ఉంటుంది. ఒంటరిదనుకునేరు! ఇద్దరిలో ఎవరూ ఇంకా ఓడిపోలేదు.