కనుమ దాటిన ఉప్పు

"స్వామీ, నేనమ్మేది ఉప్పు, కత్తులు కాదు. ఇద్దరు పాళెగాళ్లు కొట్టుకు చస్తే ఆ పాపం నాకెందుకంటుతుంది?" అని గురువు చిదంబరయ్యగారిని అడిగాడు నారప్పశెట్టి.

కొన్ని ప్రశ్నలు జవాబు కోసం అడగం, ఊకొట్టించుకోవడానికి అడుగుతాం. నారప్పదీ అలాంటిదే. కనుమకు అటొక పాళెగాడు, ఇటొక పాళెగాడు కత్తులు దూసుకున్నప్పటినుంచి తక్కిన వర్తకులు ఆ దారి మానేశారు. అతనొక్కడే మానలేదు. కనుమలో దడి కట్టుకుని కూర్చున్న ఒక పాళెగాడి బంట్లకు ప్రతిసారీ ఒక ఉప్పు బస్తా ఇచ్చి బండి దాటించుకునేవాడు. తను పోకపోతే కొండ ఊళ్లకు చప్పిడి గంజే గతి అనేవాడు. అది అబద్ధం కాదు. పోటీ లేని బేరం తీపిగా ఉంటుందన్నదీ అబద్ధం కాదు గాని, ఆ ముక్క గురువుగారి దగ్గర ఎత్తలేదు.

చిదంబరయ్యగారు వాదించే మనిషి కాదు. ఈసారి నీ బండిలో నాకూ కాస్త చోటిమ్మన్నారు.

కనుమలో బండి ఆగింది. బంటు చేతులు చాపగానే నారప్ప బస్తా ఎత్తి ఆ చేతుల్లో పెట్టాడు. దడి వెనక దండేల మీద ఉప్పుకండలు ఎండుతున్నాయి. గురువుగారు పలకరిస్తే, వాటి పుణ్యమా అని తిండికి లోటు లేక ఈ ఏడాది వానలకు కూడా కొండ దిగలేదని బంటు గొప్పగా చెప్పుకున్నాడు. నారప్పకు ఆ మాట చెవిన పడింది గాని మనసున పడలేదు.

పై ఊళ్లో ఓబులమ్మ వాకిట ఆగారు. ఎప్పుడొచ్చినా ఆమె కొడుకు లింగన్నే ఎదురొచ్చి బస్తాలు దింపేవాడు. ఈసారి రాలేదు. ఆమె ఇద్దరికీ అంబలి పోసి, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెయ్యి చాచింది. నారప్ప ఉప్పు తెచ్చి ఆ చేతికివ్వకుండా అరుగు మీద పెట్టాడు. ఉప్పు చేతికిస్తే తగవులొస్తాయంటారు. శెట్టి ఇంట తరతరాలుగా ఎవరూ ఆ తప్పు చేసి ఎరగరు. అంతలో పొద్దున కనుమలో చాచిన చేతులు గుర్తొచ్చి, అతని చెయ్యి అరుగు మీదే ఉండిపోయింది.

దారిలో నారప్ప చెప్పిన లింగన్న ఏడని గురువుగారే అడిగారు.

"వానలు పట్టంగానే వాళ్లు కొండ దిగిపోతారు కద స్వామీ. ఈసారీ పోయింటార్లే అని మావోడు గొర్రెలు తోలుకొని కనుమ దిక్కు పోయినాడు. వాళ్లు యాడికీ పోలేదు. అటోళ్ల యేగులోడనుకొని పొడిసి సంపినారు."

ఆమె ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. అరుగు మీది ఉప్పు తీసి నారప్ప ముంతలో వేసి కలిపింది. దేవుడు మరిచిన ఊరికి శెట్టిగారన్నా వస్తున్నారని, ఆయన బండి చల్లగా ఉండాలని దీవించింది. ఆ దీవెన విన్నాక నారప్ప ముంత అరుగు మీద పెట్టేశాడు. శాపనార్థాలు పెట్టినా అంత బాధ ఉండేది కాదు.

తిరుగుదారిలో నారప్ప దండేలు కనిపించే మలుపు దగ్గర ఎద్దుల్ని ఆపి, "చెప్పండి స్వామీ. బండి మానెయ్యమంటారా?" అని అడిగాడు.

చిదంబరయ్యగారు వెనక్కి తిరిగి ఊరివైపు చూశారు.

"ఆమెకు ఉప్పు కావాలి నారప్పా. కొడుకూ కావలసినవాడే."