సీతమ్మ చెయ్యి ఆరేదాకా

బాపూరావు గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. పని చెప్తారు. ఆయన దగ్గర మూడేళ్ళుగా తోలుబొమ్మలాట నేర్చుకుంటున్న కుముదకు ఇది అలవాటైపోయింది. రాముడికి నీలం రంగే ఎందుకు తాతా అని ఒకసారి అడిగితే నీలిమందు నూరమన్నారు. నాలుగు రోజులు నూరింది. చేతులు నీలమయ్యాయి గాని కారణం మాత్రం తెలియలేదు. నా చేతికి బొమ్మ ఎప్పుడిస్తావని అడిగితే తాళాలు ఇచ్చారు. ఇప్పటికీ ఆ తాళాలే వాయిస్తోంది. కాబట్టి ఆ పొద్దున మొగలిదీవి రేవులో ఆమె నోరు తెరిచిందంటే, మీద ఏదో పని పడుతుందని తెలిసే తెరిచింది.

మొగలిదీవి అండమాను సముద్రంలో పిడికెడు నేల. ఒడ్డు పొడుగునా మొగలి పొదలు, వాటి వెనక కొబ్బరిచెట్లు, ఈ కొసన నిలబడి పిలిస్తే ఆ కొసన ఎవరైనా పలుకుతారేమో అనిపించేంత చిన్నది. గురుశిష్యులు రావలసిన చోటు ఇది కాదు. మరునాటి సాయంత్రం ఇంకో దీవిలో, అక్కడి తెలుగువాళ్ళు వేసిన శ్రీరామనవమి పందిట్లో వాళ్ళు సుందరకాండ ఆడాలి. తెరా మద్దెలా హార్మోనియం పట్టుకుని తక్కినవాళ్ళు ముందురోజే వెళ్ళిపోయారు. బొమ్మల పెట్టెతో వెనక బయల్దేరిన వీళ్ళ లాంచికి దారిలో ఇంజను చెడింది. ఇంకో లాంచి రేపు పొద్దునగ్గాని రాదని చెప్పి, ఇద్దరినీ పెట్టెతో సహా నాటుపడవ ఎక్కించి ఇక్కడ దింపేశారు.

కుముదకు దిగులు కలగలేదు సరికదా, లోపల ఎక్కడో చిన్న గంట మోగింది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. అనంతపురం పక్క పల్లెలో పుట్టి, ఇంటరుతో చదువు చాలించి, ఈ నెలదాకా సముద్రమనేదే చూసి ఎరగదు. చూసినప్పటి నుంచీ ఆ నీలాన్ని కళ్ళలోంచి దించలేకపోతోంది. నాటుపడవ నడిపేవాడు ఈ దీవిలో చూడాల్సిన వింతలు ఏడున్నాయని చెప్తుంటే, పడవ ఊగుతుండగానే పెట్టె తాడు వదులు చేసి, లోపల దాచుకున్న నోటుపుస్తకం తీసి ఏడూ రాసుకుంది. అడుగున అద్దం బిగించిన పడవలోంచి కనపడే పగడాల తోట. గాలికి ఈల వేసే గుహ. వెన్నలాంటి తెల్లటి ఇసుక. చిలకల గుట్ట. ఇలా ఏడు.

రేవులో కాలు పెడుతూనే అడిగింది. "తాతా, దారి మధ్యలో ఇట్ల ఊరికే దొరికే రోజు ఉంటుంది చూడు. దాంట్లో ఒక్క గడియ కూడా వృథా పోకుండా వాడుకోవాలంటే ఏం చెయ్యాల?"

గురువుగారు ఆమె వంక చూడలేదు. పెట్టె వంక చూస్తున్నారు. పెట్టె మూల నుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారుతున్నాయి.

"తాడు విప్పినావా పాపా?"

కుముద చేతిలో నోటుపుస్తకం ఒక్కసారిగా బరువెక్కింది.

ఆ పెట్టెలో బొమ్మల్ని పడుకోబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. రాముణ్ణీ రావణుణ్ణీ ఎదురెదురుగా పెట్టకూడదు, పెడితే తెల్లవార్లూ కొట్టుకుంటారు. హనుమంతుణ్ణి ఒక వారగా, తోక చుట్టి ఉంచాలి. సీతమ్మ అందరికీ పైన, ఒంటరిగా, మెత్తటి చాప మీద. అందువల్ల అలల తుంపర లోపలికి దూకినప్పుడు మొదట తడిసింది ఆమే. కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళ కొసలదాకా నాని మెత్తబడింది. వేళ్ళు అప్పుడే లోపలికి ముడుచుకోవాలని చూస్తున్నాయి. వారగా ఉన్న హనుమంతుడి తోకకు కూడా తడి తగిలింది గాని కుముద చూపు ఆ చేతిని దాటి పోలేదు.

తోలుబొమ్మంటే మేకతోలు. దీపం వెలుగు దూరేదాకా గీకి గీకి పలచన చేసినది. అది వంకరగా ఆరితే ఇక సాపు కాదు. చేద్దామని నొక్కితే అప్పడంలా విరిగిపోతుంది. ఆ చెయ్యి చెక్కింది గురువుగారి భార్య రుక్మాబాయి. గాజులు ఉండాల్సిన చోట ఆవిడ ఉలితో పొడిచిన చుక్కలు దీపం ముందుకు రాగానే నిజం గాజుల్లా తళుక్కుమంటాయి. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. అశోకవనంలో హనుమంతుడిచ్చే ఉంగరాన్ని అందుకునేది ఆ చెయ్యే. అది లేకపోతే రేపు ఆట లేదు. ఆట ఎలాగో నడిచినా, అలాంటి చెయ్యి మళ్ళీ రాదు.

గురువుగారు బొమ్మ భుజం దగ్గర ముడి విప్పి చేతిని విడదీశారు. రేవు పక్కన పడవల పాకలో కుండ ఉంటే, ఆ మంచినీళ్ళతో రెండుసార్లు ఉప్పు పోయేలా తుడిచారు. కుముదను పాక నీడలో కూర్చోబెట్టి, ఆమె ఎడమచేతి మీద పాత నూలుగుడ్డ పరిచి, దాని మీద సీతమ్మ చేతిని ఉంచి, మళ్ళీ గుడ్డ కప్పి, ఆమె కుడిచేతిని తెచ్చి పైన పెట్టారు.

"ఎండలో పెడితే ముడుచుకుపోతుంది. నీడలో, చేతి వెచ్చదనానికి ఆరాల. ఆరేదాకా వదలొద్దు."

"ఎంతసేపు తాతా?"

"అది దానికి తెలుస్తుంది."

తర్వాత ఆయన ఏదో విరిగిన పడవ తాలూకు పలకలు రెండు ఏరుకొచ్చారు. పెట్టెలోంచి పొడుగాటిదేదో తీసి వాటి మధ్య సర్ది, పైన పెట్టెను ఎత్తి పెట్టి, పెట్టెకు తల ఆనించి తువ్వాలు మొహం మీద వేసుకున్నారు. కాసేపటికి గురక. కుముదకు బాగా తెలిసిన గురకే, మద్దెల మీద ఆదితాళం లాంటిది.

మొదటి గంట ఆమె తనను తాను తిట్టుకుంది. రెండో గంట ఆ దీవిని తిట్టుకుంది. నోటుపుస్తకం ఇసుకలో తెరుచుకుని పడుంది. గాలి దాని కాగితాలు తిప్పుతూ ఏడు వింతలూ తనే చదువుకుంటోంది. ఎదురుగా సముద్రం. ముక్కు మీద దురద. గోక్కోవడానికి చెయ్యి లేదు.

ఎండిన చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ పాకలోకి వచ్చి ఆగిపోయింది. నలభై ఎనిమిది, యాభై ఏళ్ళుంటాయి. పేరు పైడమ్మ.

"ఏటమ్మా, బొమ్మకి జొరమొచ్చిందేటి? అలగ నాడి అట్టుకు కూకున్నావు?"

సముద్రం మధ్యలో తెలుగు వినబడేసరికి కుముదకు ఏడుపొచ్చినంత పనయింది. జరిగిందంతా చెప్పింది. ముక్కు దురద సంగతి కూడా చెప్పింది. పైడమ్మ నవ్వి, కొంగుతో ఆమె ముక్కు గట్టిగా రుద్ది, గురక వైపు చూసింది.

"నీకు పని సెప్పి ఆయన తొంగున్నాడు. మా ఆయనా అంతే."

మధ్యాహ్నం ఆవిడే అన్నం తెచ్చింది. చేపల పులుసు కలిపి, ముద్ద చేసి, నోటిదాకా తెచ్చి ఆగింది. "సీతమ్మోరి సెయ్యట్టుకున్నావు కదా, సేపలు ఎట్టొచ్చంటావా?"

"తినేది నేను కదమ్మా."

"అదీ నిజవే." తొమ్మిది ముద్దలు పెట్టింది. కుముదకు ఎవరైనా ముద్దలు కలిపి పెట్టి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

పొద్దు కాస్త వాలాక పైడమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి తొందర తొందరగా. "ఇదిగో పిల్లా, మా ఆయన అద్దాల పడవ సివరి తడవ ఎల్తన్నాది. ఒక సోటుంది. పగడాలు సూసీసి గంటలో వొచ్చీగలవు. బొమ్మ సెయ్యి ఇక్కడెట్టు, మడిసి గాదు కదా పారిపోడానికి."

కుముద గురువుగారి వైపు చూసింది. తువ్వాలు మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. పడవ రేవులోనే ఉంది. దాని అడుగున ఆకుపచ్చ వెలుగు ఆడుతోంది. ఇక జన్మలో ఈ దీవికి రాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. మూడేళ్ళుగా తాళాలు వాయించేదానికి, ఇంత పని చేసినా రేపు మళ్ళీ తాళాలే. ఒక్క గంట. ఆమె పైచేతిని కొంచెం ఎత్తి, గుడ్డ తొలగించి చూసింది.

సీతమ్మ చూపుడువేలు నెమ్మదిగా పైకి లేచి, లోపలికి వంగడం మొదలుపెట్టింది. ఎవరో నిద్రలో చెయ్యి చాచి, పక్కన మనిషి లేరని తెలిసి వెనక్కి తీసుకుంటున్నట్టు.

కుముద గభాలున గుడ్డ కప్పి చెయ్యి వేసింది. "మీరు వెళ్ళిరండమ్మా" అంది.

పడవ వెళ్ళిపోయింది. పైడమ్మ మాత్రం వెళ్ళలేదు. ఇసుకలో చాప పరిచి, చేపలు తిరగేస్తూ కూర్చుంది.

"నానొచ్చి ముప్పై యేళ్ళయిపోనాది" అంది. "ఆర్నెల్లుండి ఎల్లిపోదావని వొచ్చినాము, సికాకోలు కాడినించి. ఓడెక్కినప్పుడు మాయమ్మ రేవుకొచ్చింది. ఇంత సింతపండు ముద్ద గుడ్డలో కట్టి నా సేతిలో ఎట్టింది. ఇక్కడ పులుసుకి దొరకదేమోనని దాని బెంగ. ఎట్టీసింది. ఎట్టీసినాక కూడా నాను సెయ్యి ఎనక్కి తీసుకోనేదు. అలగే సాపుకుని నిలబడిపోనాను."

"ఎందుకమ్మా?"

"తీసుకుంటే ఇచ్చీడం అయిపోద్ది కదా" అంది పైడమ్మ. ఒక చేపను తిరగేసి, దాని మీద వాలిన ఈగను తోలింది.

ఆ తర్వాత నీళ్ళు వెనక్కి తగ్గి రాళ్ళు బయటపడ్డాయి. రాళ్ళ గుంటల్లో గోరంత నీలం చేపలు మిగిలిపోయి, అలలు మళ్ళీ వచ్చేదాకా ఓపిగ్గా తిరుగుతున్నాయి. శంఖాన్ని ఇల్లుగా మోసుకు తిరిగే బుల్లి పీత ఒకటి కుముద పాదం ఎక్కి, అటు దిగి, వెళ్ళిపోయింది. సముద్రం పాలపిట్ట రంగు నుంచి నెమలి కంఠం రంగుకీ, అక్కడి నుంచి మాగిన నేరేడు రంగుకీ మారడం ఆమె కళ్ళారా చూసింది. వేళ్ళ మధ్య తోలు ఎప్పుడు గట్టిపడిందో ఆమెకు తెలియలేదు. అది సీతమ్మ చెయ్యో తన చెయ్యో తేడా తెలియని ఒక క్షణంలో, లోపల చిన్నగా టిక్కుమంది. గుడ్డ తీసింది. చెయ్యి తమలపాకులా సాపుగా ఉంది. అరచేతి ఎరుపు కొద్దిగా గుడ్డల్లోంచి దిగి కుముద అరచేతికి అంటింది. ఆ రాత్రి ఆమె చెయ్యి కడుక్కోలేదు.

పొద్దున లాంచిలో గురువుగారు నోటుపుస్తకం వైపు చూసి అడిగారు. "ఏడు రాసినావే. చూసి ఎన్ని కొట్టేసినావు?"

"ఒకటి కూడా లేదు తాతా."

"ఊఁ" అన్నారు ఆయన. అంతే.

ఆ సాయంత్రం పందిరి నిండింది. తెర వెనక దీపాలు వెలిగించి కుముద మామూలుగా తాళాలు అందుకోబోయింది. తాళాలు అప్పటికే మద్దెల వాయించే ఆయన ఒళ్ళో ఉన్నాయి. గురువుగారు వెనక్కి తిరక్కుండానే సీతమ్మను ఆడించే నడుము బద్ద, చేతి పుల్ల ఆమె వైపు చాచారు. ఆమె పట్టుకుంది.

ఉంగరం ఘట్టం వచ్చింది. గురువుగారి చేతిలో హనుమంతుడు వంగి నమస్కరించి ఉంగరం చాచాడు. సీతమ్మ చెయ్యి ముందుకు వెళ్ళింది. ఉంగరం అరచేతిలో పడింది. పాట అయిపోయింది. మూడేళ్ళుగా కుముద చూస్తున్న ఆటలో, ఆ వెంటనే చెయ్యి గుండెల దగ్గరికి వెళ్ళాలి, మద్దెల మోగాలి. చెయ్యి వెళ్ళలేదు. చాచింది చాచినట్టే తెర మీద నిలబడిపోయింది. గాజుల చుక్కలు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. మద్దెల ఆయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపి గురువుగారి మొహం చూశాడు. ఆయన కదలలేదు. పందిట్లో పిల్లల అల్లరి అణిగింది. తెరకు అవతల ఎక్కడో ఒక ముసలి గొంతు, "ఓలమ్మ" అని చాలా మెల్లగా అంది. అప్పుడు, ఇక తప్పదన్నట్టు, ఆ చెయ్యి ఉంగరంతో గుండెల దగ్గరికి చేరింది.

లంక తగలబడే వేళకు పందిరంతా ఈలలు. తోకకు కట్టిన ఎర్రకాగితం రెపరెపలాడుతుంటే హనుమంతుడు ఇంటి మీంచి ఇంటికి దూకుతున్నాడు. కుముద అప్పుడు చూసింది ఆ తోకను. బారెడు పొడవున, ఎక్కడా ముడత లేకుండా, దీపం ముందు నిటారుగా ఉంది. అదీ తడిసిందే. నిన్నంతా దాన్ని ఎవరూ పట్టుకుని కూర్చోలేదు. రెండు పలకలు, వాటి మీద పెట్టె, పెట్టెకు ఆనుకుని ఒక గురక.

ఆమె ఆయన దగ్గరికి జరిగి గుసగుసగా అడిగింది. "తాతా, సీతమ్మ చెయ్యి కూడా ఆ పలకల మధ్యే పెట్టుంటే ఆరేది గదా?"

"ఆరేదే పాపా" అన్నారు గురువుగారు, హనుమంతుణ్ణి ఇంకో మిద్దె మీదికి దూకిస్తూ. "పలక నీకంటే బాగా పట్టుకుంటుంది. ఉంగరం ఇచ్చినప్పుడే, పాపం, దానికి ఏం తోచదు."