నత్తలపాలెం మొసలమ్మ, ఒప్పుకోలు రేవు

నత్తలపాలెంలో బస్సు దిగి చేపల వాసన వచ్చే వైపు నడిస్తే పెద్దచెరువు గట్టు మీద మొసలమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. దారి అడిగితే పాలెం వారు ముందు మీ ఇంటిపేరు, చుట్టాల క్షేమం కనుక్కుని ఆ తరువాతే చెబుతారు. గుడిలో అమ్మవారు మొసలి ఆకారపు నల్లరాయిగా, తల ఇళ్ల వైపు తిప్పి పడుకుని ఉంటుంది. అందరి పెరళ్లనూ కనిపెట్టుకుని ఉంటుందని పూజారి గారి వివరణ.

పూర్వం ఇక్కడ చెరువు, తుంగ, మొసళ్లు మాత్రమే ఉండేవి. తరువాత బెస్తవారు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వారికీ మొసళ్లకూ తగవు లేదు. అవతలి దిబ్బ మీద మొసళ్లు ఎండ కాగుతుంటే ఇవతలి రేవులో పిల్లలు ఈత నేర్చుకునేవారు. అటువంటి రోజులు మళ్లీ రాలేదని పెద్దవారు అంటారు. పెద్దవారు అన్నిటికీ అలాగే అంటారు గానీ, ఈ విషయంలో నిజమే.

చెరువుగాలి బాగుంటుందని ఊరిపెద్ద సింగన్న నీటి అంచున పెంకుటిల్లు కట్టాడు. ఆయన కట్టాడని మిగిలినవారూ కట్టారు. కొన్నాళ్లకు దిబ్బ మీది మొసళ్లన్నిటిలో పెద్దది, ఎనిమిది మూరల ఆడమొసలి, పెరటి మెట్ల దాకా రావడం మొదలుపెట్టింది. ఒకనాడు సింగన్న మేకను పట్టుకుపోయింది. రేపు పిల్లలను పట్టుకుపోతుంది, చంపవలసిందేనని పాలెం తీర్మానించింది. బల్లెం వేసే పని గవరయ్యకు అప్పగించారు. అంతకుముందు అతడు మొసలి అనుకుని పొడిచినది ఒక తాటిదుంగ. అయినా గురి తప్పలేదు కదా అని అందరూ సమాధానపడ్డారు.

రేవు పక్క గుడిసెలో వలలు అల్లుకునే నూకాలు తన ఐదేళ్ల కూతురితో ఉండేది. చిన్నతనంలో ఆమె ఈత నేర్చినది ఆ మొసలి చూస్తుండగానే. ఆ మొసలి రూపంలో ఉన్న అమ్మవారు మొదట సింగన్న మధ్యాహ్నపు కునుకులో కలలోకి వెళ్లిందట. ఆయన గురకలో తన మాట తనకే వినిపించక, నూకాలు కలలోకి వచ్చింది. “రోజూ అన్నానికి పిలిచి, వస్తే చంపుతామంటారేమమ్మా?” అని అడిగి మాయమైంది.

సాయంత్రం రేవులో నిలబడి చూస్తే నూకాలుకు విషయం బోధపడింది. చేపలు తోమిన ప్రతి ఇల్లాలూ తలలు, పేగులు మెట్ల మీది నుంచి చెరువులోకి విసురుతోంది. తమ ఒక్క గుప్పెడుతో ఏమవుతుందని ప్రతి ఇంటా అనుకుంటున్నారు.

మర్నాడు నలుగురిలో ఆమె ఈ మాట చెప్పింది.

“మా ఇంట ఆ అలవాటే లేదు,” అంది సింగన్న అత్తగారు అచ్చియ్యమ్మ.

“మీ మెట్ల దగ్గర నీళ్లు ఎర్రగా ఉంటాయి కదత్తా?”

“అది గోరింటాకు కడిగిన నీరు.”

“ఏడాది పొడుగునా గోరింటాకేనా పిన్నీ?” అన్నాడు గవరయ్య.

“నీ దుంగ సంగతి నువ్వు చూసుకోరా.”

“ఏడు రోజులు ఎవరూ ఏమీ వేయకండి,” అంది నూకాలు. “అప్పటికీ వస్తే చంపండి. నేను అడ్డు రాను.”

ఆరు రోజులు మొసలి దిబ్బ దిగలేదు. ఏడవనాటి సాయంత్రం సరాసరి సింగన్న మెట్ల దగ్గర తేలింది. గవరయ్య బల్లెం ఎత్తాడు. అడ్డు రానన్న నూకాలు నడుము లోతు నీళ్లలోకి దిగి, మొసలికీ బల్లేనికీ మధ్య నిలబడింది. గట్టు మీద కూతురు ఏడుపు అందుకుంది.

“తప్పుకో వదినా! నా బల్లెం నీకు తగులుతుంది!”

“ఇవాళ ఎవరు వేశారో చెప్పేదాకా కదలను.”

మొసలి ఇంకో మూర దగ్గరకు వచ్చింది.

“నేనేనమ్మా!” అని అచ్చియ్యమ్మ మెట్ల మీద కూలబడింది. “రెండే రెండు కొర్రమీను తలలు. అల్లుడు పులుసు అడిగాడని... నువ్వు పైకి రా తల్లీ, నీ బిడ్డ ఏడుస్తోంది!”

మొసలి నూకాలు వైపు ఒక్కసారి చూసి దిబ్బకు మరలిపోయింది. ఆపైన ఇళ్ల వైపు రాలేదు. ఎన్నో ఏళ్లకు అది కనిపించకుండా పోయిన నాడు రేవులో ఈ నల్లరాయి వెలసింది. తొలి పూజ నూకాలు కూతురే చేసింది.

నాటినుంచి ఆషాఢం తొలి ఆదివారం ప్రతి ఇల్లాలూ ఈ రేవు మెట్ల మీద నిలబడి, ఆ ఏడు చెరువులో ఏం వేసిందో అందరికీ వినిపించేలా ఒప్పుకుంటుంది. పూర్వం ఇది పొద్దు వాలేదాకా సాగేది. పొరుగూళ్ల వారు భక్తితో చద్ది కట్టుకుని వచ్చి వినేవారు. ఇప్పుడు చేపలు బజారులోనే కోయించి తెస్తున్నందున గంటలో ముగుస్తోంది. అయినా ఒప్పుకున్న ఇంటి పిల్లలకు నీటిగండం ఉండదని అమ్మవారి వరం కనుక, ఏ తప్పూ చేయని కోడళ్లు కూడా ఏదో ఒకటి వెతుక్కుని వస్తారు. పోయిన ఏడు కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె, బియ్యం కడిగిన నీళ్లు పోశానని చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆమెకు అప్పుడు ఐదో నెల.