తోడుకు వచ్చిన ఈశ్వరమ్మ

“మీరు పంపే వివరాలు ఈ ఊరివే. ఎవరడిగినా ఇస్తాం. తాళం వెయ్యం.”

వరంగల్ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి మునీందర్ ఇచ్చిన మాట అది. ఆ మాట నమ్మి ఆటోవాళ్లూ, బడిపిల్లల తల్లులూ ఏ వానకు ఏ సందు ఎంత మునిగిందో ఫోన్లలోంచి అతని సంస్థకు పంపారు. తర్వాత ఆ సమాచారమంతా ఒక పెద్ద కంపెనీ కొనేసింది. అమ్మకం కాగితం మీద మునీందర్ సంతకమూ ఉంది.

ఇప్పుడు కాలేజీలో చదివే సరయు, నీళ్లు ఇళ్లలోకి రాకముందే జనాన్ని హెచ్చరించే ఏర్పాటు చేస్తానంటే, కంపెనీ ఆ వివరాలు ఇవ్వనంది. వానలు దగ్గరపడ్డాయి.

మునీందర్ మండిపడుతూ గురువు ఖలీల్ బాబా దగ్గరికి వచ్చాడు. బాబా ఉండేది కోట వెనక చిన్న దర్గాలో. ఆ గల్లీలో ఎవరింట్లో తోడు అయిపోయినా ఆయన దగ్గరికే వస్తారు.

“దున్నేవాడిదే భూమి అన్నారు బాబా. ఇచ్చినవాడిదే సమాచారం కావద్దా?”

తోడుకు వచ్చేవాళ్లకు వెయ్యమని బాబా పెరుగుగిన్నె, చెంచా అతని చేతికిచ్చారు.

అప్పుడే పక్కింటి ఈశ్వరమ్మ చిన్న గిన్నెతో గడప దగ్గరికొచ్చింది. “తోడుకు జరంత పెరుగెయ్యి బిడ్డా. పాలు గోరువెచ్చగున్నయ్.”

వేస్తానమ్మా, ఒక్క నిమిషమని మునీందర్ చెయ్యి చూపించాడు. అతను మాట మధ్యలో ఉన్నాడు. ఒక్కరు దాచుకుంటే నగరంలో వంద కొత్త ఆలోచనలు మొలకలోనే మాడిపోతాయన్నాడు. పెట్టుబడి అన్నాడు, గుత్తాధిపత్యం అన్నాడు. ఒక్కో వాక్యం ముందుదానికంటే పెద్దదవుతోంది.

“నీ మీటింగయ్యేదాకా పాలు ఆగుతయా బిడ్డా?” అని ఈశ్వరమ్మ నవ్వింది. కాసేపు చూసి గడప మీద కూర్చుంది.

ఎదురింట్లో దీపం వెలిగింది. ఆమె లేచి, ఖాళీ గిన్నెను కొంగు కింద పెట్టుకుంది. దీపాలు పెట్టినంక పెరుగు తీసుకోవద్దంటూ వెళ్లిపోయింది. మునీందర్ చెంచా పట్టుకుని వెనకాలే పరిగెత్తి బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

అతను తిరిగొచ్చాడు. “నేను ఇవ్వనన్నానా బాబా?”

“లేదు బేటా. ఇస్తాననే అన్నవ్.”

మునీందర్ చెంచాను గిన్నెలో పెట్టేశాడు. ఆ తర్వాత కంపెనీకి పంపాలని ఫోన్‌లో రాసుకున్న పొడుగాటి ఉత్తరం చెరిపేసి, మళ్లీ రాశాడు:

“మాట ఇచ్చింది నేను, సంతకం పెట్టిందీ నేనే. వివరాలు సరయుకు ఇవ్వండి. లేదంటే గడపగడపకూ వెళ్లి నా తప్పు నేనే చెప్పుకుంటాను, మీ పేరుతో సహా. జవాబు జూన్ అయిదులోపు.”